ముప్పై రెండు పాయింట్ తొమ్మిది

ఆసుపత్రిలో ఆమెను అందరూ లిఫ్టక్క అనేవారు. రోగులను మంచం మీంచి స్ట్రెచర్ మీదికి, అక్కణ్ణుంచి ఎక్స్‌రే బల్ల మీదికి ఎత్తి పడుకోబెట్టడం ఇరవై రెండేళ్లుగా ఆమె పని. మనిషి పొట్టి, భుజాలు గట్టి. తుంటి విరిగిన ముసలమ్మలను సైతం నొప్పి తెలియకుండా లేపేది. లిఫ్టక్క డ్యూటీలో ఉందో లేదో కనుక్కుని గానీ స్కానింగుకు కదలని రోగులుండేవారు.

ఆ ఏడు సిబ్బందికి ఆరోగ్య పరీక్షలు పెట్టారు. ఆమె ఎత్తు నూట యాభై రెండు సెంటీమీటర్లు, బరువు డెబ్బై ఆరు కిలోలు. గుమస్తా బీఎంఐ లెక్క కట్టి తల గోక్కున్నాడు.

"ముప్పై రెండు పాయింట్ తొమ్మిది. ముప్పై దాటితే ఎత్తే పని ఇవ్వకూడదంట అక్కా. కొత్త రూలు."

"నిన్న ఒక్క పూటలో పద్నాలుగు మందిని ఎత్తాను. నేను పనికిరానా?"

"నేనన్నానా? అంకె అలా వచ్చింది మరి."

గుమస్తా మూడేళ్లుగా షుగరు మాత్రలు మింగుతున్నాడు. రెండంతస్తులు ఎక్కితే గోడ పట్టుకుంటాడు. అతని అంకె ఇరవై రెండు. నిక్షేపంగా పాసయ్యాడు.

ఆమె డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. డాక్టరమ్మ బీపీ చూసింది, రక్తం పరీక్ష చేయించింది, నడుము చుట్టూ టేపు పెట్టి కొలిచింది.

"అన్నీ బాగానే ఉన్నాయమ్మా. ఆ లెక్కకి ఎత్తూ బరువూ మాత్రమే తెలుసు. బరువు కొవ్వుదో కండదో తెలీదు. వేలమందిని కలిపి చూడ్డానికి పనికొస్తుంది. ఒక్క మనిషిని దాంతోనే తేల్చేస్తే ఇలాగే ఉంటుంది."

"అదే రాసివ్వండి."

రాసిచ్చింది. ఫారంలో ఆ వివరాలకు గడి లేదంటూ ఆ కాగితం మూడు వారాలకు పై ఆఫీసు నుంచి తిరిగొచ్చింది.

ఈలోగా ఆమెను నేలమాళిగలోని రికార్డు గదికి మార్చారు. కిటికీ లేదు. పొద్దస్తమానం స్టూలు మీద కూర్చుని ఫైళ్లకు చీటీలు అంటించాలి. పైన స్ట్రెచర్లు దొర్లుతుంటే, ఏ చక్రం నూనె లేక కీచుమంటోందో కింద నుంచే పోల్చుకునేది. లేచి వెళ్లడానికి లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని పైకి చూసేది.

ఇక తిండి మానేసింది. రెండు పూటలా మజ్జిగ, ఒక దోసకాయ.

"అద్దంలో చూసుకున్నావా అమ్మా? ముఖం పీక్కుపోయింది," అంది కూతురు.

"ఇంకో రెండు కిలోలే."

మూడు నెలల్లో అరవై తొమ్మిదికి దిగింది. అంకె ముప్పైకి వెంట్రుకవాసి తక్కువ. గుమస్తా సంతోషంగా 'యోగ్యురాలు' అని రాశాడు.

వార్డులో మొదటిరోజే కాలు విరిగిన లారీ డ్రైవరొకడు. చేతులు కింద పెట్టి లేపబోయింది. మోచేతులు వణికాయి. అతని కాలు మంచం పట్టీకి తగిలింది. అతను పళ్లు బిగించి, "పర్లేదులే అక్కా," అన్నాడు. ఆ మాటకు తల ఎత్తుకోలేకపోయింది. ఇద్దరు ఆయాలను పిలిచి అతణ్ణి మార్పించింది.

"తింటే పాసవ్వను, తినకపోతే ఎత్తలేను. నన్నేం చెయ్యమంటారు?" అని డాక్టరమ్మను అడిగింది.

డాక్టరమ్మ తెల్లకాగితం ముందుకు లాక్కుంది. "ముందు తినమ్మా. నేను మళ్లీ రాస్తాను," అంది.

ఆమె తిన్నది. ఒంట్లో సత్తువ మెల్లగా తిరిగొచ్చింది, దాంతోపాటు బరువూ. ఆరు నెలల తర్వాతి పరీక్షలో గుమస్తా నోరు విప్పకముందే, "కిందికే కదా," అని రికార్డు గది తాళంచెవి అడిగి తీసుకుంది. డాక్టరమ్మ రాసిన రెండో ఉత్తరానికి జవాబు రాలేదు.

ఇప్పుడు వారానికి మూడు నాలుగుసార్లు రికార్డు గదిలో ఫోను మోగుతుంది. "అక్కా, ఒక్కసారి పైకి రావా? వెన్నెముక కేసు, మావల్ల కావట్లేదు," అంటుంది నర్సు. ఆమె జిగురు చేతులు తుడుచుకుని వెళ్తుంది, ఎత్తి పడుకోబెడుతుంది, ఎవరి కంటా పడకుండా మెట్లు దిగి వచ్చేస్తుంది. మళ్లీ తలుపు వేసుకుని చీటీలు అంటిస్తుంది.