బుల్లిరాజు చూసిన జలపాతం

బుల్లిరాజు పోయి ఆరేళ్ళయింది. రామచంద్రపురం చుట్టుపక్కల ముప్ఫై ఏళ్ళపాటు జరిగిన పెళ్ళిళ్ళలో సగానికి వంట అతనిదే. అయినా అతని ముఖం తెలిసినవాళ్ళు తక్కువ. భోజనం బాగుందనుకున్నవాళ్ళు చేతులు కడుక్కుని, తాంబూలం పుచ్చుకుని వెళ్ళిపోయేవారు. అతను పెరట్లో, తడికల చాటున, నేలలో తవ్విన గాడిపొయ్యి ముందు ఉండేవాడు. ఇప్పుడు ఆ పొయ్యిలూ లేవు. కళ్యాణమండపం వెనక గ్యాసు బండలు, తలకి ప్లాస్టిక్ టోపీలు పెట్టుకున్న కుర్రాళ్ళు కనిపిస్తారు. వంట బాగానే ఉంటుంది. కట్టెల పొగ వాసన మాత్రం రాదు. ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు బుల్లిరాజే గుర్తొస్తాడు.

వంటవాడంటే కాస్త పొట్ట ఉంటుందనుకుంటాం. అతను పుల్లలా ఉండేవాడు. భుజం మీద ఎర్ర తువ్వాలు, మోకాళ్ళ పైకి కట్టిన లుంగీ, పొగకి ఎప్పుడూ చెమర్చినట్టుండే కళ్ళు. పొయ్యి వెలిగించాక ఆఖరి బంతి లేచేదాకా అక్కడినించి కదిలేవాడు కాదు. పెళ్ళికొడుకు వచ్చాడని బ్యాండు మోగినా, వీధిలో వాళ్ళంతా పరిగెత్తినా తల తిప్పేవాడు కాదు. మంట మీద గుండిగ ఉండగా వంటవాడు పక్కచూపులు చూడకూడదని పని నేర్పిన మేనమామ చెప్పాట్ట. ఆ ఒక్క మాటా పట్టుకుని బతికాడు.

మా అమ్మాయి పెళ్ళికీ అతనే వండాడు. మర్నాడు గుండిగలు తోమించి బండికెక్కిస్తుంటే నేను కుర్చీ లాక్కుని కబుర్లలో పడ్డాను. రాజమండ్రిలో యాత్రల బస్సులు నడిపే సత్యప్రసాద్‌గారి దగ్గర కూడా పదిహేనేళ్ళుగా వంటవాడు అతనేనని అప్పుడు తెలిసింది. కాశీ నాలుగుసార్లు వెళ్ళాడు. పూరీ, రామేశ్వరం ఎన్నిసార్లో అతనికే గుర్తులేదు. కొండల యాత్రలకి మాత్రం అక్కడి వంటవాళ్ళనే పెట్టుకునేవారట. నేను కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, ఇల్లు కదలకుండా పుస్తకాల్లో దేశాలు తిరిగినవాణ్ణి. కాశీ ఎలా ఉంటుందని ఆశగా అడిగాను. అక్కడ వంకాయ బాగుంటుందన్నాడు. గయలో బావి నీళ్ళకి పప్పు ఉడకదన్నాడు. పూరీలో కట్టెలెప్పుడూ చెమ్మగానే దొరుకుతాయన్నాడు. విశ్వనాథుణ్ణి చూడలేదా అంటే కాసేపు ఆలోచించి, "నాలుగుసార్లూ కుదర్లేదండి" అన్నాడు.

తొంభై ఒకటి పుష్కరాల్లో రేవు దగ్గర అన్నదానం పందిట్లో పన్నెండు రోజులూ వండి, గోదాట్లో ఒక్క మునకైనా వెయ్యలేదట. పందిట్లోవాళ్ళు చెంబుతో తెచ్చి నెత్తిన జల్లారట. ఆ మాట చెబుతున్నప్పుడు అతని గొంతులో బాధేమీ లేదు. నాకే ఏదోలా అనిపించింది.

రెండువేల రెండులో సత్యప్రసాద్‌గారి మనసు విదేశాల మీదకి పోయింది. ఆఫ్రికా ఖండంలో తప్పక చూడవలసిన తొమ్మిది ప్రదేశాలంటూ రంగుల కరపత్రం వేయించారు. ఈ విడత నాలుగే చూపిస్తామని కింద చిన్న అక్షరాల్లో ఉంది. మూడుపూటలా మన భోజనమేనని పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ పెద్ద అక్షరాలకే ఇరవైఆరుమంది చేరారు. నేను రిటైరైన ఏడాది అది. నేనూ పేరిచ్చాను.

బుల్లిరాజు దగ్గరా ఒక కరపత్రం నాలుగు మడతలుగా జేబులో ఉండేది. పిరమిడ్లు, సింహాలు, పైభాగం కత్తితో కోసినట్టుండే కేప్‌టౌన్ కొండ, ఇవేవీ అతనికి పట్టలేదు. అడుగున ఉన్న విక్టోరియా జలపాతం బొమ్మ దగ్గరే వేలు ఆగింది. దాని పేరు నాచేత రెండుసార్లు చెప్పించుకున్నాడు. అన్ని నీళ్ళు నిజంగా పైనించి పడతాయా అని అడిగాడు. పడతాయి, ఆ హోరు కోసుల దూరం వినిపిస్తుంది, తుంపర పొగలా ఆకాశానికి లేస్తుంది అని నేను చదివిందంతా చెప్పాను. అతను కరపత్రం మడిచి జేబులో పెట్టుకుని, తిన్నగా నన్ను వెంటబెట్టుకుని సత్యప్రసాద్‌గారి ఆఫీసుకి వెళ్ళాడు.

"మిగతాయన్నీ మీరే చూడండి బాబూ. ఆ నీళ్ళకాడ మాత్రం నాకో పూట ఇవ్వండి. పొయ్యి లేని పూట."

ఆయన నవ్వి సరేనన్నారు. నా ఎదురుగానే అన్నారు.

మే ఆఖర్లో బయలుదేరాం. ఆఫ్రికా తూర్పు తీరాన దార్ ఎస్ సలామ్‌లో దిగి జాంజిబార్ ద్వీపానికి పడవ ఎక్కాం. ఇరుకు సందులు, నగిషీ చెక్కిన పెద్ద పెద్ద తలుపులు, ఎక్కడ చూసినా లవంగాల వాసన. ఇంతదూరం వచ్చి మళ్ళీ కొబ్బరిచెట్లే చూడాలా అని సంపూర్ణమ్మగారు నవ్వించారు. మొగల్తూరు నించి ఒంటరిగా వచ్చిన డెబ్భైఏళ్ళ ఆవిడ. సొంతంగా వ్యవసాయం చేయించిన మనిషి కావడంతో మాటలో మొహమాటం ఉండేది కాదు. మేం ఊరు చూసి వచ్చేసరికి బుల్లిరాజు ఆ లవంగాలే తెప్పించి పులావు చేసి ఉంచాడు. సముద్రం ఎలా ఉందని మమ్మల్నే అడిగాడు.

అక్కడినించి ఉత్తరానికి పోయాం. కిలిమంజారో మబ్బుల్లోంచి ఒక్క పావుగంట కనిపించింది. అరూషా ఊళ్ళో అన్నం కాస్త మొండికేసింది. అద్దెకి తెచ్చిన స్టవ్ మంట చాలలేదనుకున్నాడు బుల్లిరాజు. ఆ మర్నాడు ఎన్‌గొరొంగొరో. చల్లారిపోయిన అగ్నిపర్వతం నోరు అది. పెద్ద మూకుడులాంటి ఆ లోయ అడుగున జంతువులు తిరుగుతుంటాయి. మా బస పైన అంచు మీద, ఏడువేల అడుగుల పైచిలుకు ఎత్తులో. మేం పొద్దుటే జీపుల్లో కిందికి దిగి, ఖడ్గమృగాన్నీ సింహాలనీ చూసుకుని, చలికి వణుకుతూ ఆకలితో పైకొచ్చాం.

బుల్లిరాజు వంటకి గడియారం వాడడు. మరిగిన ఎసట్లో బియ్యం పోసి కూర తరగడం మొదలుపెడతాడు. అందరికీ సరిపడా తరగడం అయ్యేసరికి అన్నం ఉడుకుతుంది. ముప్ఫై ఏళ్ళుగా తప్పని కొలత అది. ఆ రోజూ కూర తరగడం అయింది, గంజి వార్చాడు. అన్నం పైకి మల్లెపువ్వుల్లా ఉంది. లోపల బియ్యమే. మళ్ళీ నీళ్ళు పోసి ఎక్కిస్తే పైనంతా జావయింది. లోపలి పలుకు అలాగే ఉంది. సత్యప్రసాద్‌గారు లాడ్జి వాళ్ళని బతిమాలి అందరికీ బ్రెడ్డూ ఉడికించిన బీన్సూ పెట్టించాల్సి వచ్చింది. సంపూర్ణమ్మగారు మాత్రం తన పళ్ళింకా గట్టివేనంటూ ఆ అన్నంలోనే మజ్జిగ పోసుకుని తిన్నారు.

అందరి ముందూ సత్యప్రసాద్‌గారు అన్నారు. "ఈ వంటకా నిన్ను విమానం ఎక్కించింది? ఇక ఆ జలపాతం సంగతి మర్చిపో. ఆ రోజు ఒంటిగంటకి పద్ధతిగా భోజనం కనపడాలి."

బుల్లిరాజు తల వంచుకున్నాడు. అందరూ వెళ్ళాక నేను వంటింట్లోకి వెళ్ళాను. ఓ మెతుకు వేళ్ళ మధ్య పెట్టుకుని నలపడానికి చూస్తున్నాడు.

"మీరు చదువుకున్నోరు, చెప్పండి. నీళ్ళు మరిగినియ్యి కదండీ మాస్టారూ. నా కళ్ళారా చూశాను."

"ఇంత ఎత్తులో నీళ్ళు తొందరగా మరుగుతాయి బుల్లిరాజూ. మరుగుతాయి గానీ మన ఊళ్ళోలా వేడెక్కవు."

చాలాసేపు ఆ మాటనే నమిలాడు. "మరి మనకేం తెలుస్తాదండి. మనకి ఎత్తంటే కాలవగట్టే కదండీ" అన్నాడు చివరికి.

పొద్దుటికల్లా గిన్నె మూత మీద బరువైన రాయి పెట్టి, ఆవిరి పోకుండా మూత చుట్టూ తడిపిండి అంటించి వండాడు. అన్నం పూర్తిగా ఉడికింది. అందరూ కడుపునిండా తిన్నారు. సత్యప్రసాద్‌గారి మాట మాత్రం మారలేదు.

విమానంలో జాంబియాలో దిగి, రోజంతా బస్సులో ప్రయాణం చేసి లివింగ్‌స్టన్ ఊరికి చేరాం. మా బస జలపాతానికి దగ్గర్లోనే. బస్సు దిగీ దిగగానే ఆ హోరు వినిపించింది. వరద రోజుల్లో ధవళేశ్వరం బ్యారేజీ మీద నిలబడితే కాళ్ళకింద తెలిసే అదురు లాంటిది. చెట్ల మీదుగా తెల్లటి తుంపర లేస్తోంది. అందరూ వేళ్ళు చూపిస్తుంటే బుల్లిరాజు సామాను దింపాడు. వెనక వంటచోటు చూసుకుని, స్టవ్ అమర్చుకుని, ఆ హోరుకి వీపు పెట్టి కూర్చుని మర్నాటికి సొరకాయలు చెక్కు తీస్తున్నాడు. పీట కాస్త తిప్పుకుంటే తుంపర కనిపించేది. తిప్పుకోలేదు.

సాయంత్రం టీ తాగుతుంటే సంపూర్ణమ్మగారు నా పక్కన కూర్చుని అటు వంటచోటు కేసే చూస్తున్నారు. తర్వాత చేతిసంచీలోంచి పంచాంగం తీసి నా ఒళ్ళో పెట్టారు. సన్నక్షరాలు తనకి కనపడవన్నారు. రేపేంటో చూడమన్నారు.

చూశాను. వైశాఖ బహుళ ఏకాదశి. రేపు పొద్దున తొమ్మిది దాకా ఉంది. కాని అది రాజమండ్రి తొమ్మిది. జాంబియాలో అప్పటికి ఇంకా ఐదున్నరే, చీకటి. అక్కడ సూర్యుడు వచ్చేసరికి ద్వాదశి వచ్చేస్తుంది. ఉపవాసానికి సూర్యోదయం వేళ తిథే లెక్క. ఆ సంగతి నాకు తెలుసు. ఆవిడకీ తెలుసనే ఇప్పటికీ నా అనుమానం.

"ఏకాదశేనండి" అన్నాను.

ఆవిడ లేచి నిలబడ్డారు. రేపు ఏకాదశని, పరాయి గడ్డ మీదున్నాం కనక నియమం తప్పకూడదని, పొయ్యి వెలిగించే పనే లేదని అందరికీ వినపడేలా చెప్పారు. షుగరున్నవాళ్ళకి పళ్ళూ ఉడకబెట్టిన వేరుశెనక్కాయలూ చాలన్నారు. ఆ రాత్రికే అవి ఉడికించి ఉంచమని బుల్లిరాజుకి చెప్పారు. పెద్దవాళ్ళు సగంమంది అప్పటికే లెంపలేసుకుంటున్నారు. ప్రయాణంలో తిథులు మర్చిపోయామని వాళ్ళ బాధ. మిగతా సగం మంది వాళ్ళ ముఖాలు చూసి ఊరుకున్నారు.

సత్యప్రసాద్‌గారు ఇరవై ఏళ్ళు యాత్రలు నడిపిన మనిషి. ఆయన తిన్నగా నా దగ్గరికి వచ్చారు.

"మాస్టారూ, మీరు అబద్ధం చెప్పరు. ఇక్కడ టైం వేరు కదండీ. నిజంగా రేపు ఏకాదశేనా?"

వంటచోట సొరకాయలు చెక్కు తీసే చప్పుడు ఆగిపోయింది.

"పంచాంగం రాజమండ్రిదండి" అన్నాను. "మనమూ అక్కడివాళ్ళమే."

ఆయన నన్నూ, సంపూర్ణమ్మగారినీ, తర్వాత వంటచోటునీ చూశారు. ఏమనుకున్నారో గాని, "అయితే రేపు బుల్లిరాజుకి కూడా బస్సులో సీటు ఉంచండి" అని డ్రైవరుకి నన్నే చెప్పమన్నారు.

పొద్దున్నే వెళ్ళాం. నేను చదివినవన్నీ నిజమే, అయినా ఏదీ సరిపోదు. ఓ మైలు వెడల్పున నది మొత్తం ఒక్కసారి నేల చీలికలోకి దూకుతోంది. కింది నీళ్ళు కనపడవు, తెల్లటి పొగే. ఎదురుగా ఉన్న సన్నటి వంతెన మీదికి ఆ తుంపర జడివానలా కొడుతోంది. మేమంతా అద్దెకి ఇచ్చిన ప్లాస్టిక్ కోట్లు తొడుక్కున్నాం. బుల్లిరాజు వద్దన్నాడు. తువ్వాలు నడుముకి బిగించి వంతెన మధ్యకి వెళ్ళి, కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. నెత్తినించి నీళ్ళు కారుతున్నాయి. కళ్ళు తుడుచుకోలేదు.

గంటన్నరకి ఫొటోలు అయిపోయాయి. ఖాళీ కడుపులకి నీరసం వస్తోందని సత్యప్రసాద్‌గారు అందరినీ బస్సెక్కించారు. నేను తర్వాత టాక్సీలో వస్తానని ఉండిపోయాను. బుల్లిరాజుని వెళ్తావా అని అడగలేదు. కాసేపటికి అతనే వచ్చి, వంతెన ఇవతల రాతి మీద నా పక్కన కూర్చున్నాడు. ఒళ్ళంతా వణుకుతోంది. ఆ హోరులో మాట్లాడాలంటే చెవి దగ్గర నోరు పెట్టాలి.

"ఇన్ని నీళ్ళండి" అన్నాడు. "ఎవరూ ఎసట్లోకి తోడట్లేదు. ఊరికే పడతన్నాయండి."

అవునన్నాను. మధ్యాహ్నం దాటింది. ఎండ మారి తుంపరలో ఇంద్రధనుస్సు విరిసింది. అతను లేచి మళ్ళీ వంతెన దాకా వెళ్ళి వచ్చాడు. మూడోసారి వెళ్ళబోతూ, చిన్నపిల్లాడు అనుమతి అడిగినట్టు, నా చెవి దగ్గర వంగాడు.

"ఇంకాసేపు ఉందామాండి? ఇయ్యాళ ఎవరికీ ఆకలెయ్యదు కదండీ."

నాకు పొద్దున్నించీ ఆకలి దంచేస్తోంది. ఉండు బుల్లిరాజూ, తొందరేం లేదన్నాను. పొద్దువాలి, కాపలావాడు వచ్చి గేటు మూస్తామని చేతులూపేదాకా అక్కడే ఉన్నాం.