గుడి పక్కన సున్నా

మిరపకాయలు కళ్ళాల్లో ఆరే రోజులు. మంగళవారం, పొద్దున సరిగ్గా పదకొండు గంటలు. ఇళ్ళ స్థలాలు వచ్చినవాళ్ళ జాబితా పంచాయతీ గోడకు అంటించారు. అందులో పేరుంటే నాకూ మా ఆయనకూ సొంత గోడలు. లేకపోతే మళ్ళీ మరిది ఇంటి వసారానే.

గుమస్తా డిగ్రీ చదివినవాడు. జాబితా మీద వేలు రెండుసార్లు కిందికి జార్చాడు.

"లేదు పిన్నీ."

"నన్ను చూడనీ నాయనా."

"నీకు చదువెప్పుడొచ్చింది?"

"మొన్ననే. ముసలాళ్ళ బడిలో."

నవ్వాడు. నవ్వనీ. నేను ముప్పై ఏళ్ళు కళ్ళాల్లో తాలు ఏరినదాన్ని. రంగు చచ్చి తెల్లబడ్డ కాయ తాలు. మొదటి ఏడు కాయకాయా తిప్పి చూస్తుంటే ఆసామి "ఏం, పెళ్ళిచూపులా?" అని తిట్టేవాడు. నాలుగో ఏటికి నేను వెతకడం మానేశాను. తాలే వచ్చి కంటికి తగిలేది.

ఆ పొగరుతోనే జాబితా ముందు నిలబడ్డాను. ఏదీ తగల్లేదు. ఎరుపులో తెలుపు ఏరిన కళ్ళకి అంతా నలుపే. కూడబలుక్కుంటూ అయిదో పేరు దాటేసరికి కళ్ళలో నీళ్ళు. మళ్ళీ మొదటి ఏటి కూలిదాన్ని.

"సరిగ్గా చూడక్కా!" అంది మా తోటికోడలు. వసారా ఆమెది. నాకంటే ఆమెకే ఆత్రం.

చదవడం మానేశాను. అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చినా, ఆరు నెలలు పలక మీద దిద్దింది నా పేరొక్కటే. అందులో ఒక గుడి, పక్కనే సున్నా. "గుడికిచ్చి సున్నా మిగుల్చుకున్నావు" అని పంతులమ్మ ఎగతాళి చేసేది. ఇంటిపేరు నేర్పబోతే "ఆ పేరుతో నన్నెవడు పిలిచి చచ్చాడమ్మా?" అని ఎగ్గొట్టాను. ఇప్పుడు ఆ గుడినీ సున్నానీ తలుచుకుని, తాలుకి వదిలినట్టే చూపుని వదిలాను. మూడో కాగితం అడుగున తగిలింది.

"ఇదిగో, నేను."

"ఇంటిపేరు నీది కాదు పిన్నీ."

"పక్కన మొగుడి పేరు చదువు."

చదివాడు. మా ఆయనే. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. చదువుకున్నవాడు కదా, ఇంటిపేరు దగ్గరే ఆగి కిందికి పోయాడు. నాకు ఆ ముక్క రాదు, అందుకే ఆగలేదు.

అక్షరం దిద్దించాడు. స్థలం వచ్చింది. ఆ పేరు తానే వెతికిపెట్టానని ఇప్పుడు ఊరంతా చెప్పుకుంటున్నాడట. అందుకని పంతులమ్మ చేత ఇది రాయించిపెడుతున్నాను. ఆ వేళ గోడ దగ్గర ఉన్నది నేను, మా తోటికోడలు, గుమస్తాకి టీ తెచ్చిన కొట్టు ముసలాయన. గుమస్తా కూడా ఉన్నాడు.