డబ్బాల వెనక అక్షరాలు

మొన్న నరసరావుపేట బస్టాండులో మాచర్ల బస్సు కోసం నిలబడి ఉంటే, మిరపకాయ కోతల నుంచి తిరిగొస్తున్న ఆడవాళ్ళ గుంపులోంచి ఒకామె వచ్చి పెదనాన్నా అని పలకరించింది. మా వెనకవీధిలో ఉండే, నాకు తమ్ముడి వరసయ్యే నాపరాళ్ళ గని కూలీ కూతురు, ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్ల. నా నంబరు ఎక్కించుకోమంటే, రాయటం ఏనాడో మరిచిపోయానంటూ ఫోను నా చేతికిచ్చింది. చూద్దును గదా, అందులో ఒక్క పేరూ లేదు. మొగుడికి లారీ బొమ్మ, తల్లికి మేక బొమ్మ. నా గుండె కలుక్కుమంది. ఎందుకో మీకు చెప్పాలి.

పదిహేనేళ్ళ కిందటి మాట. గురజాల దగ్గర మా బడికి ఎవరో పుణ్యాత్ములు పది చిన్న లాప్‌టాప్‌లు పంపారు. అవేమో చౌక సరుకు, వాటిలో వేసి పంపిన సాఫ్ట్‌వేర్ మాత్రం బండెడు. మీట నొక్కి, బయటికెళ్ళి టీ తాగొచ్చినా తెర మీద ఆ చక్రం తిరుగుతూనే ఉండేది. లెక్కల మేష్టారినైన నేనూ, సైన్సు మేష్టారూ కలిసి తేలికపాటిది ఒకటి వెతికి, ముందుగా ఒక్కదాంట్లో వేసి చూశాం. దాని మీదే ఈ పిల్ల, అప్పుడు ఎనిమిదో తరగతి, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ తన పేరూ, దాని కింద వాళ్ళమ్మ గురించి అర పేజీ తెలుగులో కొట్టింది. చదువు మాన్పించి కోతలకు పంపుదామని ఇంట్లో అప్పటికే మాట నడుస్తోంది. ఆ అర పేజీ చూపిస్తే నాన్న మనసు మారుతుందని దాని ఆశ.

తర్వాత పదింటిలోనూ అదే వేశాం గానీ, నాకు ఆ వేగమూ చాల్లేదు. బరువెక్కువైన ట్రాక్టరు మీంచి బస్తాలు దించినట్టు అందులో ఉన్నవి ఒక్కొక్కటే తీసేస్తూ పోయి, చివరికి తెర మీద తెలుగు అక్షరాలు చూపించే ఫాంట్ల మీద పడ్డాను. ఉంచుదామండీ అని సైన్సు మేష్టారు నసిగారు. కంప్యూటరు నేర్చేది ఇంగ్లీషు కోసం కాదటండీ అని ఆయన నోరు మూయించి, అవీ పీకేశాను. నా మొండితనం తగలెయ్య! పదీ రెప్పపాటులో తెరుచుకుంటుంటే, నా అంతటివాడు పల్నాడులో లేడన్నట్టు తిరిగాను.

ఆ పిల్ల తండ్రిని వెంటబెట్టుకొని వచ్చింది. ఫైలు తెరిస్తే అక్షరాలుండాల్సిన చోట వరసగా ఖాళీ డబ్బాలు.

"పెదనాన్నా, నా పేరేది?" అంది బిక్కమొహం వేసి.

వాళ్ళ నాన్న నవ్వి, "ఏందన్నా ఇది, దీనికా రోజూ బడికి పొయ్యేది?" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఉక్రోషంలో, పాడైపోయిందమ్మా, తీసెయ్, మళ్ళీ ఇంగ్లీషులో రాద్దువుగాని అంటూ దాని చేతనే చెరిపించాను. ఆ వారమే దాన్ని కోతలకు పంపారు. ఇంటికెళ్ళి ఎంత బతిమాలినా వాళ్ళ నాన్న వినలేదు.

ఆ డబ్బాల వెనక అక్షరాలు చెక్కుచెదరకుండా ఉన్నాయనీ, తెలుగు మళ్ళీ వేసుంటే పది నిమిషాల్లో కనపడేవనీ ఏడాది తర్వాతగాని నాకు తెలియలేదు. అప్పటికి తెరవటానికి ఏమీ మిగల్లేదు. ఆ లాప్‌టాప్‌లూ ఒక్కొక్కటే మూలపడ్డాయి.

ఇప్పుడు ఎవరి ఫోనులో చూసినా అడక్కుండానే తెలుగు వస్తోంది, గుణింతాలతో, ఒత్తులతో సహా. రాయాల్సిన పిల్లకే రాయటం పోయింది. బస్సు వచ్చేస్తుంటే, నా నంబరు పక్కన ఏం బొమ్మ పెడతావమ్మా అని అడిగాను. వెతికి వెతికి చిన్న కంప్యూటరు బొమ్మ పెట్టి, మీ దయవల్లే గదా పెదనాన్నా దాన్ని ముట్టుకుంది అని నవ్వింది. నీ పేరు అందులోనే ఉండింది తల్లీ, నేనే తుడిపించాను అని చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్పకుండానే బస్సెక్కాను.