పన్నెండు భుజాల కణుజు

మా బాపు చెప్పే కథలో కణుజు ఏటేటా పెరిగేది. నా చిన్నప్పుడు దాని వీపు బాపు ఛాతీ దాకా వచ్చేది. నాకు పెళ్లయ్యేసరికి గడ్డం దాకా ఎదిగింది. నా పిల్లలు వినే నాటికి దాని కొమ్ములు మా ఇంటి దూలాన్ని తాకుతున్నాయి. మారనిది ఒక్కటే. దాన్ని అడవి నుంచి మోసుకు రావడానికి పన్నెండు భుజాలు పట్టాయి. కణుజు అంటే దుప్పి జాతిదే గాని దానికి రెండింతలకు పైన ఉంటుంది. అందులోనూ పన్నెండు మంది మోసిందంటే మాటలు కాదు. వేటకు వచ్చి దాన్ని కాల్చిన దొర తలను తనతో తీసుకుపోయాడు కాబట్టి మా ఇంట్లో సాక్ష్యం ఏమీ లేదు.

నిజాం కాలంలో బాపు కెరమెరి అడవుల్లో జంగ్లాత్ చౌకీదారు, అంటే అటవీశాఖ కావలి మనిషి. నేను కరీంనగర్‌లో దర్జీని. మెడలో టేపు లేకపోతే నాకు ఒంటి మీద చొక్కా లేనట్టే ఉంటుంది. కొలవనిదాన్ని నమ్మని మనిషిని కనుక బాపు కథను అందరికంటే ఎక్కువ వెక్కిరించింది నేనే. ఒకసారి పిల్లల ముందే, ఈ కణుజుకు అంగీ కుట్టాలంటే ఎన్ని తానులు కావాలో చెప్పు బాపూ అన్నాను. అందరూ నవ్వారు. బాపు కూడా నవ్వాడు. ఆ తరువాత ఆ కథ ఆయన నోట మళ్లీ రాలేదు.

కొత్త పైసలు చేతికి అలవాటవుతున్న రోజులవి. వానలు తగ్గాక బాపుకు ఆయాసం పట్టుకుంది. ఈ చలికాలం దాటడం కష్టమని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఒకనాటి పొద్దున గంజి తాగిస్తుంటే బాపు నా చెయ్యి పట్టుకున్నాడు.

"కొడుకా, గా కణుజు నాకు కనబడ్తలేదురా. కండ్లు మూస్తె నేను చెప్పిన మాటలే ఇనబడ్తున్నయి గని జంతువు కనబడ్తలే. నేను చూసిందెంత, చెప్పిందెంత? మాన్కు ఉన్నడు గద, పోయి అడిగి రా. ఎంత ఉండెనో గంతే చెప్పుమను."

మాన్కు ఆ రోజుల్లో జాడలు చూసి దొరల్ని అడవిలోకి నడిపించిన గోండు మనిషి. బతికి ఉన్నాడో లేడో కూడా తెలియదు. అయినా నా వెక్కిరింతే ఆ జంతువును బాపు కళ్ల ముందు నుంచి తరిమిందని నాకు గట్టిగా అనిపించింది. పండుగ బట్టల కుట్టుపని మా బావమరిదికి అప్పగించి మర్నాడే బయలుదేరాను.

పొద్దున ఆరు గంటల బస్సు. చేలమీద మంచు పాలలాగా పరుచుకుని ఉంది. ఏడున్నరకు పెద్దపల్లి స్టేషన్ చేరాను. ఎనిమిదిన్నరకు రావలసిన ప్యాసింజరు పదింటికి గాని రాలేదు. మూడో తరగతి పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదురుగా ఒక మేకల బేరగాడు కూర్చున్నాడు. ఛాతీ నలభై అంగుళాలు, నడుము నలభై నాలుగు అని మనసులో రాసుకున్నాను. నేను మనుషుల్ని చూసేది అట్లాగే. అతను మాత్రం మేక వెన్ను మీద చెయ్యి వేసి ఎంత మాంసం పడుతుందో చెప్పేస్తాడట. కళ్లను ఎందుకు నమ్మవని అడిగాను.

"పొద్దుగాల మంచుల ఏ మేకైనా పొట్టేలంత కనబడ్తది. మంచు తేలినంక బేరం చేస్త నేను" అన్నాడు.

రామగుండం దాటాక గోదావరి వంతెన వచ్చింది. పెట్టెలో అందరూ తలా ఒక పైసా నీళ్లలోకి విసిరారు. నేనూ విసిరాను. ఏం కోరుకోవాలో తెలియలేదు. కణుజు పెద్దదే కావాలని కోరుకుంటే అది బాపు అడిగిన దానికి ద్రోహం. చిన్నది కావాలని ఏ కొడుకు కోరుకుంటాడు? మంచిర్యాలలో టీ, పల్లీలు దొరికాయి. అవి తిని కునుకు తీశాను. నిద్రలో రైలు పట్టాల చప్పుడు గిట్టల చప్పుడై, నా పక్కనే ఏదో పెద్ద ప్రాణి అలుపు లేకుండా నడుస్తున్నట్టే ఉంది. లేచేసరికి ఆసిఫాబాద్ రోడ్డు స్టేషన్, సమయం రెండు కావస్తోంది.

అక్కడి నుంచి ఆసిఫాబాద్‌కు బస్సు ఉంది. ఆ ఊళ్లో తెలిసిన బట్టల షావుకారు ఇంట్లో జొన్నరొట్టె తిని ఆయన అరుగు మీదే పడుకున్నాను. వెళ్లాలనుకునేవారు సొంత దుప్పటి తీసుకువెళ్లండి, అక్కడి చలి మన చలి కాదు. పొద్దున ఏడింటికి కెరమెరి బస్సు ఎక్కాను. బస్సు దిగాక రెండు కోసులు, అంటే నాలుగు మైళ్ల నడక. టేకు ఆకులు ఒక్కొక్కటి విస్తరంత ఉన్నాయి. ఎవరూ లేని చోట కూడా అవి ఎవరో నడిచినట్టు చప్పుడు చేస్తూ రాలుతున్నాయి. ఆ దారిలో తొందరపడాలని అనిపించదు. నా మెడలో టేపు లేదన్న సంగతి కూడా సగం దూరం పోయాక గాని గుర్తు రాలేదు.

మాన్కు బతికే ఉన్నాడు. గూడెం చివర ఇంటి ముందు కూర్చుని బుట్ట అల్లుతున్నాడు. నేనెవరో చెప్పకముందే నా నడక చూసి చౌకీదారు కొడుకువా అన్నాడు. మడమ గట్టిగా వేసి నడవడం బాపు అలవాటట. వచ్చిన పని చెప్పాను. ఆయన బుట్ట పక్కన పెట్టాడు. రేపు పొద్దున గుట్టకు పోదాం, అక్కడ చెబుతానన్నాడు. ఆయన భార్య కందిపప్పు, జొన్న గటక పెట్టింది.

తెల్లవారుతుండగా ఇద్దరం గుట్ట ఎక్కాం. దారిలో మెత్తటి మట్టి మీద ఒక గిట్ట గుర్తు చూపించి, దాని పక్కన తన మడమ నొక్కాడు. రెండు గుంటల లోతు పోల్చి చూసి బరువు చెబుతారట. ఏ జంతువైనా పడితే దాని దగ్గర నిలబడ్డవాడు ఎన్ని భుజాలు కావాలో లెక్క చెప్పి గూడేనికి మనిషిని పంపుతాడు. అంతమందే వస్తారు. వచ్చిన ప్రతి భుజానికీ ఒక వాటా ఉంటుంది. ఒకసారి పిలిచాక మోసినా మోయకపోయినా వాటా ఇవ్వాల్సిందే. అది ఆ అడవి కట్టుబాటు. మిగిలింది దొర డేరాకు పోతుంది.

పైన ఒక బండ మీద కూర్చున్నాం. కింద లోయంతా తెల్లగా ఉంది. కాసేపటికి ఆ తెలుపులో నుంచి ఒక కణుజు లేచింది. నడిచి వచ్చినట్టు లేదు, మంచే గట్టిపడి జంతువైనట్టుంది. అంత పెద్ద ప్రాణిని నేను ఎన్నడూ చూడలేదు. బాపు చెప్పింది అక్షరాలా నిజం, దూలాన్ని తాకే కొమ్ములు కూడా నిజమే అనుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. పన్నెండు అన్నాను మాన్కుతో.

ఆయన నా మోకాలి మీద చెయ్యి వేసి ఆగమన్నాడు. పొద్దు గుట్ట మీదికి వచ్చింది. మంచు పలచబడిన కొద్దీ ఆ జంతువు తగ్గుతూ వచ్చింది. చివరికి గడ్డిలో నిలబడి ఉన్నది లేత కొమ్ములు రెండు మొలిచిన పడుచు కణుజు.

"చెవులు చూడు బిడ్డా. ముసలి దాని మొకం లావైతది, చెవులు చిన్నగ అవుపడ్తయి. పడుచుదాని మొకానికి చెవులే పెద్దగుంటయి. మంచు అన్నిటిని మార్చి చూపిస్తది గని చెవులను మార్చలేదు. గీ సంగతి నాకు చెప్పింది మీ బాపే."

ఆ కణుజు తల తిప్పి మావైపు చూసి, చెవులు ఆడించి, తొందర లేకుండా చెట్లలోకి పోయింది. అప్పుడు మాన్కు ఆనాటి సంగతి చెప్పాడు. ఆ ఏడు వానలు లేక జొన్న చేతికి రాలేదు. గూడెం ఇప్పపువ్వు ఉడకబెట్టుకుని తింటోంది. ఇట్లాంటి మంచులోనే దొర తుపాకీ పేల్చాడు. బాపు, మాన్కు లోయలోకి దిగి చూశారు. పడి ఉన్నది పడుచు కణుజు. ఎంత చూసినా ఆరు భుజాలకు మించదు. బాపు దాని తల దగ్గర చాలాసేపు కూర్చున్నాడట. లేచి, మాన్కు మొహంలోకి చూసి, పన్నెండు మందిని పిలువు అన్నాడట.

దొర వచ్చి కొమ్ములు చిన్నగా ఉన్నాయేమని అడిగాడు. పాతవి రాలిపోయి కొత్తవి మొలుస్తున్నాయి, ఒళ్లు చూడండి అన్నాడట బాపు. అడవికి కొత్త కావడంతో దొర సంబరపడ్డాడు. పన్నెండు మంది వచ్చారు. ఆరుగురు మోశారు, ఆరుగురు మోత వెదురు బొంగులకు చెయ్యి ఆనించి నడిచారు.

"అందరికంటె గట్టిగ మూల్గింది గా ఆర్గురే" అని మాన్కు నవ్వాడు. "పన్నెండు వాటాలు పోయినంక డేరాకు ఏం మిగల్లే. మీ బాపుకు కన్ను తప్పిందని నువ్వనుకోకు. ఆ కన్ను తప్పది."

దొర ఆ వైపు ఉన్నన్నాళ్లూ బాపు పన్నెండు అనే చెప్పుకోవలసి వచ్చిందట. ఆరు అని ఎక్కడైనా పొక్కితే కొలువు పోయేది, గూడెం మీద కూడా కేసు పడేది. అట్లా జంగ్లాత్ కచేరీలో చెప్పాడు, సంతలో చెప్పాడు, ఇంట్లో మాకు చెప్పాడు. చెప్పీ చెప్పీ ఆరు భుజాల జంతువు ఆయనకే కనబడకుండా పోయి ఉంటుంది. ఆ పన్నెండుకు సరిపోయేలా మిగతాదంతా పెంచుకుంటూ వచ్చాడు మా బాపు. నేనేమో దానికి అంగీ కొలతలడిగాను. ఆ బండ మీద కూర్చుని ఉండగా నా మీద నాకే అసహ్యం వేసింది, అదే నిమిషంలో బాపు మీద ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టింది.

నేను గూడెం నుంచి బయలుదేరేటప్పుడు మాన్కు భార్య ఇప్పపువ్వు మూట కట్టి ఇచ్చింది. "మీ బాపుకియ్యి. గా దినం మా పెద్దోడు కడుపునిండ తిని పండుకున్నడని చెప్పు" అంది.

వచ్చిన దారే పోయే దారి. కెరమెరిలో మధ్యాహ్నం బస్సు, ఆసిఫాబాద్‌లో మళ్లీ అదే అరుగు, మర్నాడు పొద్దుటి రైలు. పెట్టెలో ఎవరి ఛాతీ ఎంతో ఈసారి చూడలేదు. గోదావరి మీద మంచు ఇంకా ఉంది. నీళ్లలో నిలబడిన ఒక చేపలవాడు తాటిచెట్టంత కనిపించాడు. రైలు దగ్గరయ్యేసరికి మామూలు మనిషై చెయ్యి ఊపాడు. ఆ అడవులకు వెళ్లేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. అక్కడ ముందు కనబడే కొలత ఒకటి, పొద్దెక్కాక మిగిలే కొలత ఒకటి. రెండోది చిన్నదని చిన్నబుచ్చుకోకండి.

ఇల్లు చేరేసరికి మూడు దాటింది. బాపు దిండుకు ఒరిగి వాకిలి వైపే చూస్తున్నాడు. చెప్పులు విడవకముందే ఎంత అని అడిగాడు.

"ఆరు భుజాలు, బాపూ. పన్నెండు మందిని పిలిచినవట" అన్నాను. ఇప్పపువ్వు మూట విప్పి ఆయన చేతిలో పెట్టి, మాన్కు భార్య చెప్పమన్న మాట కూడా చెప్పాను.

బాపు ఆ పువ్వు వాసన చూసి కళ్లు మూసుకున్నాడు. నేను తప్పు చేశానేమోనని భయపడ్డాను. అంతలో ఆయన పెదవుల మీదికి మెల్లగా నవ్వు వచ్చింది.

"అవునురా కొడుకా" అన్నాడు, కళ్లు తెరవకుండానే. "చెవులు పెద్దగుండె."