వద్దన్నవాళ్ళు పొద్దున్నే రావాలి

మా వదిన పోయిందన్న కబురు నాకు పని మీద రంగూన్ వెళ్ళి, తామ్వే పేటలో మంగలి కుర్చీలో కూర్చుని ఉండగా అందింది. అప్పటికి సగం గడ్డమే అయింది. ఫోన్‌లో ఆవిడ మనవరాలు, "తాతా, మామ్మ నిద్దర్లోనే ఎల్లిపోయింది. నువ్వు కంగారు పడకుండా రా" అంది. కంగారు పడకుండా వెళ్ళాలంటే రెండో చెంప కూడా గీయించుకోవాలి కదా. మంగలికి సంగతి చెప్పాను. అతను కత్తి పక్కన పెట్టాడు.

"మా మావయ్య మేడకి పచ్చ రంగు వద్దన్నావిడేనా?" అన్నాడు.

"ఆవిడే."

"మంచావిడ" అని, మిగిలిన సగం చాలా జాగ్రత్తగా గీశాడు.

వద్దని చెప్పి, చెప్పించుకున్నవాళ్ళ మేనల్లుడి చేత కూడా మంచావిడ అనిపించుకోవడం చిన్న సంగతి కాదు. అదెలా సాధ్యమైందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

వదిన అంటే మా పెద్దనాన్న కొడుకు భార్య. మా ఊరు తన్లిన్. రంగూన్ నుంచి బాగో నది మీద వంతెన దాటితే వచ్చే పాత రేవు పట్నం. బస్సు కిటికీలోంచి చూస్తే ఫ్యాక్టరీలే కనిపిస్తాయి గానీ, బజారు వెనక వీధుల్లోకి నడిస్తే టేకు మేడలు, చెక్క నగిషీల గుమ్మాలు ఇంకా ఉన్నాయి. అలాంటి ఒక గుమ్మం వెనక మా వదిన పప్పుల కొట్టు. ఆ గుమ్మాలన్నిటి మంచిచెడ్డలు చూసే పాత ఇళ్ళ కమిటీకి ఆవిడే అధ్యక్షురాలు. నేను ఉపాధ్యక్షుణ్ణి. అంటే, ఆవిడ బయటికి వెళ్ళినప్పుడు మంచినీళ్ళ గ్లాసు నా ముందుకు జరుగుతుందన్నమాట.

కమిటీ అనగానే పెద్ద బల్లా ఫ్యాన్లూ ఊహించుకోకండి. మందుల షాపు మీద ఒక గది, కరెంటు పోతే కిటికీలే గతి. ఎవరైనా పాత ఇంటి ముందు భాగం మార్చాలనుకుంటే ముందు మా అభిప్రాయం అడగాలని పట్టణ కార్యాలయం వాళ్ళు ఏర్పాటు చేశారు. మా మాట శాసనం కాదు. కాకపోయినా అది వినకుండా కార్యాలయం వాళ్ళు అనుమతి ఇవ్వరు. అడిగినవాళ్ళ తలుపు మీద నోటీసు అంటిస్తాం, ఇరుగుపొరుగు చూడాలని. తర్వాత అందరం వెళ్ళి ఇల్లు చూస్తాం. ఆ తర్వాత కూర్చుని ఇంటివాళ్ళ మాట విని, చేతులెత్తి తేలుస్తాం. మొత్తం ఏడుగురం. పాత ఇళ్ళల్లో కాపురం ఉన్నవాళ్ళు, ఒక వడ్రంగి, ఒక పంతులమ్మ, ఇలా. ఏడో కుర్చీ మాత్రం వేరు. అది మేము చివరిసారి వద్దని పంపేసినవాళ్ళది. మా చేత కాదనిపించుకున్న మనిషి ఒకరు ఎప్పుడూ మా మధ్య కూర్చుని ఉండాలని మొదటి అధ్యక్షుడు పెట్టిన పద్ధతి. ఆయన మందుల షాపు యజమాని, బర్మావాడు, నెమ్మదైన మనిషి. ఏ మందుకైనా చేదు కొంచెం ఉండాలనేవాడు. ఆయన షాపులో దగ్గుమందు తాగినవాళ్ళకి ఆ మాట బాగా అర్థమవుతుంది. సరే, అది వేరే కథ.

వదిన వచ్చింది ఆ ఏడో కుర్చీలోకే. కొట్టు మీద రాత్రుళ్ళు వెలిగే ప్లాస్టిక్ బోర్డు పెట్టుకుంటానని అడిగింది. బోర్డు వెనక నగిషీ మొత్తం దాక్కుంటుందని వద్దన్నాం. మర్నాడు మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నా గుమ్మం మీద ఏటెట్టుకోవాలో మీరు సెప్తారేటి? మీలో ఒక్కడైనా నా కాడ గుప్పెడు పప్పు కొన్నాడా?"

మందుల షాపాయన బర్మా మాటలో, మర్యాదగా, ఏడో కుర్చీ ఖాళీగా ఉంది, కూర్చోండమ్మా అన్నాడు.

"కూచుంటాను. కూచుంటే మరి లెగను" అంది వదిన.

లేవలేదు. ఆయన పోయాక అధ్యక్ష పదవికి ఎవరూ పోటీ పడలేదు, అందరూ పక్కవాళ్ళని చూపించారు. చూపుడు వేళ్ళన్నీ చివరికి ఎవరి దగ్గర ఆగాయో వేరే చెప్పాలా? ఏడో కుర్చీ మళ్ళీ ఖాళీ అయి, కొత్తగా ఓడినవాళ్ళకి దక్కింది.

ఆవిడ నడిపిన సభల్లో వేయించిన బఠాణీలు తప్పకుండా ఉండేవి. ముందు అందరికీ గుప్పెడు పెట్టి, తర్వాత తగువు తెచ్చే అంశం ఎత్తేది. "నోరు కాలీ లేనప్పుడే బుర్ర పనిసేత్తాది" అనేది. ఇంటి కప్పు గురించి అర్జీ వస్తే ఎండపూట చూడనిచ్చేది కాదు. "వానలో సూడని కప్పు గురించి ఎవులూ మాటాడకండి" అని, కుండపోతలో మమ్మల్ని గొడుగులతో బయల్దేరదీసేది. కార్యాలయం తరఫున వచ్చే గుమాస్తా ఎప్పుడూ ఏమీ మాట్లాడకుండా కిటికీ పక్కన కూర్చునేవాడు. వానలో తడిసిన రోజున మాత్రం అతను కూడా ఒకటి రెండు మాటలన్నాడు. అవి ఇక్కడ రాసేవి కావు.

ఆవిడ పెట్టిన రూలు ఒకటుంది. ఏడో కుర్చీలో ఉన్నప్పుడే, కొట్లోంచి తెచ్చిన బఠాణీలు అందరికీ పంచి, పట్టుబట్టి పెట్టించింది. "వద్దనీసి ఇంటికెల్లి అన్నం తినీడం కాదు. వద్దన్నోలే దారి సూపాల. అది దొరికీదాకా ఆ కష్టంలో సేయి ఎయ్యాల." అందరం సరేనన్నాం. నోటి నిండా బఠాణీలుండగా కాదనడం కష్టం.

ఆ రూలు మా మెడకే చుట్టుకుంటుందని అప్పుడెవరికి తెలుసు?

వదిన కొట్టుకి పాతకాలపు తలుపు. కింద గాడి, పైన గాడి, మధ్యలో నిలువు చెక్క పలకలు. పొద్దున్నే ఒక్కొక్కటీ ఎత్తి, గాడిలోంచి తప్పించి, గోడకి చేర్చాలి. టేకు కదా, పసిపిల్లాడిని ఎత్తుకున్నంత బరువు, పైగా ఏడవకుండా జారుతుంది. అత్తగారు కొట్టు అప్పగించిన నాటి నుంచీ వదినే తెరిచేది. ఒక ఏడాది వానలు మొదలయ్యేసరికి ఆవిడ కుడి భుజం పైకి లేవడం మానేసింది. సాయానికి పెట్టుకున్న మనుషులు ఒకరి తర్వాత ఒకరు థాయ్‌లాండ్‌కి వెళ్ళిపోయారు. దగ్గరే ఉండే మనవరాలికి ఫ్యాక్టరీలో తెల్లవారుజామునే పని. కొడుక్కి రంగూన్ లమ్మడా పేటలో టోకు వ్యాపారం, మూడో అంతస్తులో కాపురం. వచ్చి తల్లి భుజానికి తైలం రాసి, ప్రేమగానే చెప్పాడు.

"అమ్మా, తలుపు తియ్యలేని రోజున కొట్టు మూసేద్దాం. మా ఇంటికొచ్చి హాయిగా కూచో."

"మూడో అంతస్తులో కూచుని ఏటి సెయ్యాల? కాకులకి కాపలా కాయాలా?" అంది వదిన. కానీ కొడుకు వెళ్ళాక చాలాసేపు పలకల వైపు చూస్తూ ఉండిపోయింది. నేను అక్కడే టీ తాగుతున్నాను.

మర్నాడు ఆవిడ పేరుతోనే కమిటీకి అర్జీ వచ్చింది. పలకలు తీసేసి, మీట నొక్కితే పైకి చుట్టుకుపోయే ఇనప షట్టర్ పెట్టుకుంటానని. తన తలుపు మీద నోటీసు తనే అంటించుకుంది, ఎడం చేత్తో, వంకరగా. సభ రోజున, సొంత అర్జీ ఉన్నవాళ్ళు బయటికి వెళ్ళాలన్న నియమం ప్రకారం లేచింది. "నన్ను సూసి సేతులెత్తకండి. తలుపుని సూసి ఎత్తండి" అని కింద టీ కొట్టుకి వెళ్ళిపోయింది. గ్లాసు నా ముందుకు జరిగింది.

ఆ రోజు పంతులమ్మకి జ్వరం. నేను కాక మిగిలింది నలుగురు. ఇద్దరు ఇవ్వాలన్నారు, ఇద్దరు వద్దన్నారు. ఇవ్వాలన్నవాళ్ళలో ఒకడు ఏడో కుర్చీలోని సెల్‌ఫోన్ల షాపువాడు. అతను అడిగిన షట్టర్‌ని అంతకు ముందే మా వదిన స్వయంగా కాదంది. "ఆంటీకి ఇచ్చెయ్యండి. ఆనక నాకూ ఇద్దురు గాని" అని నవ్వాడు. వద్దన్నవాళ్ళలో ఒకరు వడ్రంగి ఊ తేన్ (బర్మా మాటలో ఊ అంటే మన గారు), ఇంకొకరు తెలుగు బాప్టిస్టు చర్చిలో పాటలు పాడించే ఆంటీ. సమానమైతే సభ నడిపేవాడు తేల్చాలి. నేను ఆవిడ భుజం గురించి ఆలోచించాను. మూడో అంతస్తు గురించి ఆలోచించాను. ఫోన్ల షాపువాడి నవ్వు చూశాను. అధ్యక్షురాలికి ఒక న్యాయం, ఊరికి ఒక న్యాయం అంటే ఆ గదిలోకి మళ్ళీ ఎవరు మెట్లెక్కుతారు? వద్దన్నాను.

వదిన పైకి వచ్చింది. "తేలిందేటి?"

"తేలింది వదినా. వద్దన్నాం."

"ఎవులెవులు?"

బడిపిల్లల్లా ముగ్గురం చేతులెత్తాం. ఆవిడ కూర్చుని, గ్లాసు తన వైపుకి లాక్కుని, ఒక గుక్క తాగింది.

"పొద్దున్నే తెరుత్తాను కొట్టు. ఆలిస్యమైతే మొదటి బేరం పోద్ది. తరవాతి అంశం సదువు మరిదీ."

అలా మొదలైంది, రూలు ప్రకారం రోజూ ఆవిడ పలకలెత్తే మా ఉద్యోగం. ఊ తేన్, చర్చి ఆంటీ, నేను. ముగ్గురి వయసులూ కలిపితే ఆ మేడ కంటే ఎక్కువే ఉంటుంది. పలకల వెనక వదిన మామగారు తెలుగు అంకెలు చెక్కి పెట్టారు. ఊ తేన్ వాటిని బర్మా అంకెలనుకున్నాడు. మొదటి నాలుగూ రెండు లిపుల్లోనూ చుట్టాల్లాగే ఉంటాయి, ఆ తర్వాత చుట్టరికం తెగిపోతుంది. సాయంత్రం మూసేటప్పుడు ఏది ముందో ఏది వెనకో మేం తగువులాడుతుంటే వదిన స్టూలు మీద కూర్చుని చూసేది.

"అయిదు సోట ఏడెట్టావు మరిదీ. తలుపుకి పళ్ళూడినట్టుంది."

"నువ్వొచ్చి చూపించకూడదా?"

"నానేటి, వద్దన్నానేటి? నువ్వే గదా వద్దన్నావు. వొంగు."

చర్చి ఆంటీ పలక ఎత్తేటప్పుడల్లా కీర్తన అందుకునేది. లోపల దీపం పెడుతున్న వదిన ఆ తాళానికే గంట వాయించేది. మా అవస్థ చూడ్డానికి జనం పొద్దుటి మొహింగా, అదే చేపల పులుసు సేమియా, గిన్నెలు పట్టుకుని ఎదుటి అరుగు మీద చేరేవారు. చూసినవాళ్ళు ఊరికే పోలేక పప్పు కొనేవారు.

ఒకనాడు అడిగాను, నా మీద కోపం రాలేదా అని.

"కోపమెందుకు? నీ కాడ నానుంటే నానూ వద్దనే అందును" అని, త్రాసు తుడుస్తూ, "ఇలా తెల్లారకుండా వత్తునో రానో మాత్రం సెప్పలేను" అంది.

వానాకాలం సగమయ్యేసరికి ఊ తేన్ నడుం పట్టేసింది. ఆ నడుమే మా అందరినీ గట్టెక్కించింది. ఇంట్లో పడుకుని పైకి చూస్తూ ఆలోచించాడట. పలకల్ని తీసెయ్యక్కర్లేదు, లోపలి వైపున మడత బందులతో మూడు మూడు కలిపితే చాలు. వీధిలోంచి చూస్తే అదే తలుపు. లోపల్నుంచి తోస్తే రెక్కల్లా ముడుచుకుని పక్కకి వెళ్తుంది. మళ్ళీ అర్జీ, మళ్ళీ నోటీసు. మళ్ళీ వదిన కింద టీ కొట్టుకి వెళ్ళింది. ఈసారి అన్ని చేతులూ లేచాయి. ఫోన్ల షాపువాడు ఎత్తిన చెయ్యి దించకుండానే తన షాపుకీ అదే కావాలన్నాడు. వాడికీ ఇచ్చాం.

బిగించిన మర్నాడు అలవాటుకొద్దీ వెళ్ళాను. వదిన ఎడమ చెయ్యి ఆనించి తోసింది. తలుపు జరిగింది. మళ్ళీ మూసి, మళ్ళీ తోసింది. మూడోసారి కూడా తోసి, నేను చూస్తున్నానని గమనించి, "నీకేటి పనిక్కడ? ఎల్లి పడుకో" అంది. కొడుక్కి ఫోన్ చేసి ఏమందో నాకు వినపడలేదు గానీ, ఆ తర్వాత అతను మూడో అంతస్తు మాట ఎత్తలేదు. చనిపోయే ముందు రోజు వరకూ ఆవిడ తన కొట్టు తనే తెరిచింది. ఆ మాట ఆనందంగానే రాస్తున్నాను.

కర్మకాండలన్నీ అయ్యేదాకా కొట్టు మూసే ఉంది. పెద్దకర్మకి వచ్చినవాళ్ళలో మా చేత కాదనిపించుకున్నవాళ్ళే ఎక్కువ. కమిటీలో కొత్త అధ్యక్షుల కోసం మళ్ళీ వేళ్ళు తిరుగుతున్నాయి. నేను చేతులు జేబులో పెట్టుకుని కూర్చుంటున్నాను. ఇక కొట్టు సంగతి ఏమిటని ఎవరూ పైకి అడగలేదు. కొడుకు మాత్రం తాళాలు చేతిలో తిప్పుకుంటూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే నాకు మెలకువ వచ్చేసింది. వెళ్ళేసరికి కొడుకు వీధిలో నిలబడి ఉన్నాడు, చేతిలో తాళాల్లేవు. మనవరాలు లుంగీ బిగించి కట్టుకుని, చెంపల మీద థనకా చెక్క గంధం పూత ఇంకా ఆరకుండానే, లోపల్నుంచి తలుపు తోస్తోంది.

"ఫ్యాక్టరీకి రానని సెప్పేసాను తాతా" అంది. తర్వాత బర్మా మాటలో తండ్రికి ఏదో చెప్పింది. నాన్నా, అడ్డం లేవండి, బేరాలు వస్తాయి అని.

రెక్కలు ముడుచుకుని పక్కకి జరిగాయి. వెలుగు గడప దాటి బస్తాల దాకా వెళ్ళింది. దానితోపాటే వీధిలోంచి ఒక పావురం తీరిగ్గా నడుచుకుంటూ లోపలికి వెళ్ళి, నేల మీద రాలిన ఒక శనగబద్దని ముక్కుతో అటూ ఇటూ తిప్పి చూడసాగింది. ఆ పిల్ల చీపురు ఎత్తింది గానీ, విసరలేదు.