గూటికి కొలిచిన తొట్టి

అది 1982. జగ్గయ్యపేట మెయిన్ బజార్లో నాకు అద్దాల కొట్టు ఉండేది. దేవుడి పటాలకి, పెళ్లి ఫొటోలకి ఫ్రేములు కట్టడం, కిటికీలకి అద్దాలు కోసి బిగించడం నా పని. చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు వస్తున్న రోజులవి. వాటితోపాటు కొత్త డాబాలు లేచాయి. ప్రతి డాబాలోనూ ముందు గదిలో గోడకి ఒక గూడు వదిలేవారు. అందులో రేడియో పెట్టుకునేవారు, లేదంటే బొమ్మలు సర్దుకునేవారు. విజయవాడలో ఎవరింట్లోనో చూసి వచ్చి, ఆ గూట్లో చేపల తొట్టి కావాలని అడగడం మొదలుపెట్టారు.

అద్దం కొయ్యడం చేతిలో ఉన్న పనే కాబట్టి తొట్టి కట్టడం కూడా నేర్చుకున్నాను. మొదట్లో ఇనప యాంగిల్ ఫ్రేములో అద్దాలు కూర్చి పుట్టీతో అతికేవాళ్లం. తర్వాత సిలికాన్ వచ్చింది. అది ట్యూబులో వచ్చే జిగురు. ఆరాక రబ్బరులా ఉంటుంది, నీళ్లు కారనివ్వదు. ఎవరైనా కబురు చేస్తే టేపు పట్టుకుని వెళ్లి గూడు కొలిచేవాణ్ణి. గూట్లో అచ్చంగా ఒదిగేలా తొట్టి కట్టేవాణ్ణి. వెనక వేలు దూరే సందు కూడా లేకుండా కూర్చోబెట్టడం నాకు గొప్పగా ఉండేది. చేపల్ని విజయవాడలో ఒక వ్యాపారి దగ్గర్నించి తెచ్చేవాణ్ణి. ఆయన దగ్గర్నించి చేపలతోపాటు ఒక మాట కూడా తెచ్చుకున్నాను. 'తొట్టి ఎంతుంటే చేప అంతే పెరుగుద్ది, ఆపైన ఆగిపోద్ది' అని. దాన్ని పరీక్షించి చూడలేదు. వచ్చిన ప్రతి వాళ్లకీ చెప్పాను.

ఆ ఏడాదే నందిగామ నుంచి పత్తి వ్యాపారి కోటేశ్వరరావు గారు కబురు పంపారు. ఆయనకి ఊరి చివర జిన్నింగ్ మిల్లు ఉండేది, అంటే పత్తిలోంచి గింజలు వేరుచేసే మిల్లు. వాళ్లమ్మ కనకమ్మ గారు స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. లేచి నడిచే ఆశ లేదని డాక్టర్లు చెప్పేశారు. మంచం ఎదురుగా గోడకి గూడు ఉంది. మూడడుగులకి కాస్త తక్కువ పొడవు, అడుగు లోతు. ఆమెకి పొద్దుపోవడానికి అందులో చేపలు పెట్టించాలని కొడుకు ఆలోచన.

నేను గూడు కొలుస్తుంటే ఆమె మంచంలోంచే గదమాయించారు.

"ఏమయ్యా అద్దాలబ్బాయ్! ఇది వైశ్యుల ఇల్లు, తెలుసా? ఎండురొయ్యల పొడి, వానపాములు అంటూ నీచు తెచ్చావంటే తొట్టె నీ నెత్తిన దిమ్మరిస్తా."

"నీచు తినని చేప ఉందండీ మామ్మగారూ. ఆకులు తింటది. తోటకూర, అరటిపండు, ఏదేసినా తింటది."

"తోటకూర తినే చేపా!" ఆమె కొడుకు వైపు తిరిగారు. "ఒరేయ్ కోటేశూ, మనోడేరా! తెప్పించు."

నేను చెప్పింది అబద్ధం కాదు. దాన్ని గౌరామి అంటారు. అందులో పెద్ద జాతిది ఆకులూ కూరలూ బాగా తింటుంది. అప్పుడప్పుడూ పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది కాబట్టి నీళ్లు కాస్త పాడైనా తట్టుకుంటుంది. నేను చూసుకున్నవి ఈ రెండే. ఏం తింటుందో చూశాను, చావకుండా ఉంటుందా అని చూశాను. ఎంత పెద్దదవుతుందో అడగలేదు. చెరువుల్లో పెంచితే ఆ జాతి చేప మూరన్నర దాకా పెరుగుతుందని తర్వాత తెలుసుకున్నాను. కొట్లో అది నా చూపుడు వేలంత ఉంది. వేలంత చేపకి ఆ గూడు మహల్లా కనబడింది.

చేప వచ్చింది. దాని దళసరి పెదాలు చూసి కనకమ్మ గారు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. "ఆ మూతి చూడండర్రా. మా మావగారు పత్తి పట్టి చూసేప్పుడు అచ్చం ఇట్టాగే పెట్టేవారు." అప్పట్నించి దాని పేరు పెద్దాయన. ఆమె మంచం పక్కన ఒక ఇత్తడి మరచెంబు ఉండేది. వేలి ఉంగరంతో దాని మీద టకటకమని కొడితే చాలు, పెద్దాయన అద్దం దగ్గరికి వచ్చి నిలబడేవాడు. కోడలు సుశీల గారు తోటకూర ఆకు వేసేవారు. నందిగామలో ఇది వింతయిపోయింది. చూడ్డానికి వచ్చిన వాళ్లలో కొందరు నా కొట్టుకి కూడా వచ్చి తొట్లు కట్టించుకున్నారు. అందరికీ గూళ్లే కొలిచాను.

మరుసటి ఏడు గాలి పంపు పాడైందంటే వెళ్లాను. నీళ్లలోకి బుడగలు వదిలే చిన్న మిషను అది. పెద్దాయన జానెడు దాటి ఉన్నాడు. నేను పంపు విప్పుతుండగా కనకమ్మ గారు అడిగారు.

"అబ్బాయ్, చేప పెరిగింది. తొట్టె పెరగలా. ఏం చేద్దామంటావ్?"

"ఇంక పెరగడండీ. తొట్టి కొలతకి ఆగిపోద్ది."

"ఎవరు చెప్పారు?"

"అందరూ అదే అంటారండి."

"చిన్న చెప్పులేసి తిప్పితే పిల్లాడి కాలు పెరగడం ఆగుద్దంటయ్యా? వేళ్లు వంకర్లు పోతాయి."

నవ్వేసి పంపు బిగించి వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక కూడా చెప్పుల మాట గుచ్చుతూనే ఉంది. విజయవాడ వెళ్లినప్పుడు ఆ వ్యాపారిని నిలదీసి అడగొచ్చు. అడగలేదు. అడిగితే, అప్పటికే నేను కట్టిన తొట్లన్నిటి గురించీ ఆలోచించాల్సి వస్తుంది.

1984లో మళ్లీ కబురొచ్చింది. ఈసారి వెళ్లేసరికి కనకమ్మ గారు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. తొట్టి ఆమె వీపు వెనక ఉంది.

"ఇటు తిప్పనా అత్తయ్యా? తొట్టాయన వచ్చారు" అని సుశీల గారు అడిగారు.

"వద్దు. నేను చూళ్లేను. అతన్నే చూడమను."

చూశాను. పెద్దాయన మూరెడు అయ్యాడు. గూటి లోతుకి తగ్గట్టు తొట్టి వెడల్పు అడుగే. ఒక చివరి నుంచి రెండో చివరికి వెళ్లడానికి తోక రెండు ఊపులు ఊపితే సరిపోతోంది. అక్కడ వెనక్కి తిరగాలంటే ఒళ్లు విల్లులా వంచి, తోక ఒక అద్దానికి, మూతి ఇంకో అద్దానికి ఆనించి, ఒరుసుకుంటూ తిరగాలి. పై పెదవి పుండై తెల్లగా పొక్కింది. తిరగడం అయ్యాక కూడా వీపు పూర్తిగా తిన్నగా రావడం లేదు.

కనకమ్మ గారు గోడవైపు నుంచే అన్నారు. "నన్ను పొద్దునా సాయంత్రం కోడలు అటొకసారి ఇటొకసారి తిప్పుద్ది. లేకపోతే ఒళ్లు పుళ్లు పడుద్దంట. వాణ్ణెవరు తిప్పుతారయ్యా?"

కోటేశ్వరరావు గారు, "పెద్ద తొట్టి కట్టేయవోయ్, దాందేముంది" అన్నారు. నేను నిజం చెప్పాల్సిన చోటు అది. ఈ చేపకి ఈ గూడు ఎప్పటికీ చాలదు, మొదట్లోనే ఇవ్వకూడని చేపని ఇచ్చాను అని చెప్పాలి. దానికి బదులు టేపు తీసి మళ్లీ గూడే కొలిచాను. పక్కలకి చోటు లేదు, పైకి ఉంది. "ఎత్తు పెంచుతానండీ. నీళ్లు రెట్టింపు పడతాయి" అన్నాను.

దళసరి అద్దాలతో ఎత్తు తొట్టి కట్టి బిగించాను. చూడ్డానికి దర్జాగా ఉంది. కోటేశ్వరరావు గారు మెచ్చుకున్నారు. కానీ నీళ్లు రెట్టింపైనా వెడల్పు ఆ అడుగే. చేప అడ్డంగా తిరగాలి గాని నిలువుగా తిరగదు కదా. నేను బిగించిన రోజునే ఆ సంగతి నా కళ్లకి కనబడింది. పనిముట్లు సర్దుకుని బస్సు టైమైందని బయల్దేరాను. కనకమ్మ గారు ఆపలేదు. నా వైపు చూడనూ లేదు.

ఏడాది గడిచింది. ఆ ఏడాదిలో నందిగామ పని మీద ఎన్నిసార్లు వెళ్లినా వాళ్ల వీధిలోకి తిరగలేదు. 1985 వేసవిలో కోటేశ్వరరావు గారే కొట్టుకి వచ్చారు. "మా అమ్మ అన్నం మానేసింది. నువ్వొస్తే గాని తిననంటంది" అన్నారు. ఆ బస్సుకే వెళ్లాను.

కనకమ్మ గారు చిక్కిపోయారు. గొంతు మాత్రం అలాగే ఉంది.

"మన మిల్లులో, పత్తి అంటుకుంటే ఆర్పడానికి నీళ్ల తొట్టె ఉందిగా. సిమెంటుది. నేను కాపరానికొచ్చిన కొత్తల్లో కట్టారు. ఈ గది అంత ఉంటది. పెద్దాయన్ని తీసుకెళ్లి అందులో వదిలెయ్."

"అమ్మా, మరి నీకు కనబడడు గదే" అన్నారు కోటేశ్వరరావు గారు. "నీకోసమే గదా తెచ్చింది."

"నాకు కనబడి వాడేం బాగుపడ్డాడురా? నాకోసం వాడు అద్దానికి మూతి కొట్టుకోవాలా? తీసుకుపోండి."

గంగాళంలో నీళ్లు పోసి, చేపని తడిగుడ్డతో పట్టి ఎత్తాను. చేతుల్లోకి వచ్చాక తెలిసింది. వీపు ఒక పక్కకి వంగిపోయి ఉంది. నా రెండు చేతుల మీదా తిన్నగా పడుకోలేకపోయింది. తీసుకెళ్లేముందు మంచం పక్కన ఆగాను. ఆమె మరచెంబు మీద ఒక్కసారి ఉంగరంతో కొట్టి, ఇంక వెళ్లమన్నట్టు చెయ్యి ఊపారు. "వెళ్లి చూసి, వచ్చి చెప్పు. తిరుగుతున్నాడో లేదో. ఈసారన్నా ఉన్నది ఉన్నట్టు చెప్పు."

రిక్షా మీద మిల్లుకి తీసుకెళ్లి తొట్టిలో వదిలాను. అంత నీళ్లు దాని చుట్టూ ఎప్పుడూ లేవు. కాసేపు ఉన్నచోటే నిలబడింది. తర్వాత తోక రెండు ఊపులు ఊపి ముందుకు వెళ్లింది. ఆగింది. ఎదురుగా అద్దం లేదు, గోడ ఎక్కడో దూరంగా ఉంది. అయినా అక్కడే ఒళ్లు విల్లులా వంచుకుని, లేని అద్దాల మధ్య ఒరుసుకుంటున్నట్టు వెనక్కి తిరిగింది. మళ్లీ రెండు ఊపులు. మళ్లీ ఆగి, మళ్లీ అదే తిరగడం. ఎండ తగ్గేదాకా తొట్టి గట్టు మీద కూర్చుని చూశాను. నేను కట్టిన తొట్టి ఆ నీళ్లలో కొలత తప్పకుండా అలాగే ఉంది.

తిరిగి వెళ్లేటప్పుడు దారిలో ఒక అబద్ధం తయారు చేసుకున్నాను. 'హాయిగా ఈదుతున్నాడు మామ్మగారూ' అని. గుమ్మంలోకి రాగానే ఆమె నా మొహం వంక చూశారు. ఆ అబద్ధం నోటిదాకా రాలేదు.

"చోటు బోలెడుంది మామ్మగారూ. కానీ గూట్లో తిరిగినట్టే తిరుగుతున్నాడు. వీపు వంగిపోయింది. అది ఇంక తిన్నగా రాదేమో. తప్పు నాదండి. ఆ చేప అంత పెద్దదవుద్దని నేను కనుక్కోలేదు. మీరు అడిగినప్పుడు తెలియదని చెప్పకుండా తెలిసినట్టు చెప్పాను. ఎత్తు పెంచినప్పుడు అది పనికిరాదని నాకు తెలుసు."

ఆమె తిడతారనుకున్నాను. "సుశీలా, నన్ను ఇటు తిప్పు" అన్నారు. ఖాళీ తొట్టి వైపు. తిప్పాక నెమ్మదిగా అడిగారు.

"ఇట్టాంటి తొట్లు ఎన్నిళ్లలో పెట్టావయ్యా?"

వేళ్ల మీద లెక్క పెట్టబోయాను. నిజంగానే నాకు గుర్తులేవు.

"మంచంలో పడి రోజంతా చూసేదాన్ని కాబట్టి నాకు తెలిసింది. మిగతా ఇళ్లల్లో ఎవరు చూస్తారు?" అన్నారు. తర్వాత కోడలితో అన్నం కలిపి తెమ్మన్నారు.

ఆ తర్వాత ఎక్కువ కాలం ఆమె బతకలేదు. పెద్దాయన మిల్లు తొట్టిలో కొన్నేళ్లున్నాడు. మిల్లువాళ్లు తోటకూర వేసేవారు. తిరిగే చోటు కొద్దికొద్దిగా పెద్దదైందని వాళ్లు చెప్పారు. నేను చూసినప్పుడు కూడా కొంచెం పెద్దదైనట్టే ఉంది. వీపు వంపు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు ఎవరైనా అడిగితే నాకు తెలిసింది చెబుతాను. కొట్లో కనబడే పిల్ల చేపని చూసి తొట్టి కొనవద్దు. అది పూర్తిగా పెరిగితే ఎంతవుతుందో ముందు అడగండి. అమ్మేవాడు చెప్పలేకపోతే కొనకండి. తొట్టి వెడల్పు ఆ పెరిగిన చేప పొడవుకన్నా ఎక్కువ ఉండాలి, ఒళ్లు వంచకుండా తిరిగేటట్టు. పొడవు దానికి ఎన్నో రెట్లుండాలి. ఎత్తు చూసి మోసపోవద్దు. అంత చోటు ఇంట్లో లేకపోతే ఎప్పటికీ చిన్నగా ఉండే చేపలున్నాయి, అవీ అందంగానే ఉంటాయి. చావకుండా ఉందంటే సరిపోయిందనుకోవద్దు. నా తప్పంతా ఆ ఒక్క మాటలో ఉంది. తొట్టి అడిగిన వాళ్లకి ఆ తర్వాత నా కొట్టు నేల మీద సుద్దముక్కతో పెద్ద చేప బొమ్మ గీసి చూపించేవాణ్ణి. చాలామంది చూసి, ఇంకో కొట్టుకి వెళ్లిపోయేవారు.

ఒక్కటి మాత్రం ఎన్నేళ్లయినా తలుచుకోకుండా ఉండలేను. పటం కట్టేటప్పుడు నేను ఏనాడూ గోడని కొలవలేదు. ముందు బొమ్మని కొలిచి, దానికి తగ్గట్టే ఫ్రేము కోశాను. కాగితం మీద బొమ్మకి ఇచ్చిన మర్యాద ప్రాణమున్న చేపకి ఇవ్వలేదు. కనకమ్మ గారి మాట విన్నాక జగ్గయ్యపేటలోనూ పక్కనున్న వత్సవాయిలోనూ గుర్తున్న ఇళ్లకి వెళ్లి చూశాను. కొన్ని గూళ్లలో అప్పటికే రేడియోలు, బొమ్మలు తిరిగి చేరాయి. చేప ఏమైందని అడిగితే, "ఏమో, కొన్నాళ్లకి పోయింది" అన్నారు. ఎలా పోయిందో ఎవరూ చూడలేదు. ఆ తొట్లు కట్టిన నేను కూడా చూడలేదు.