దాని మీద ఎవరు నడుస్తారండీ?

నందిగామ రంగుల కొట్టాయన ఏ డబ్బా ఇచ్చే ముందైనా దాని మూత మీద అరచెయ్యి ఆనించి ఒకటే అడిగేవాడు: "దాని మీద ఎవరు నడుస్తారండీ?"

మా మేడమీద చెక్క వసారాకి పాత పాలిష్ వదలగొట్టాలని జగ్గయ్యపేటలో బస్సెక్కి ఆయన దగ్గరికెళ్లా.

"అన్నిటికన్నా ఘాటు మందివ్వు. నలభై అడుగుల టేకు వసారా. పెద్దపెద్దవాళ్లు బూట్లతో తిరుగుతారు," అన్నా.

ఆయన ఘాటు డబ్బా తీశాడు గానీ చెయ్యి మాత్రం తియ్యలేదు. "వట్టికాళ్లతో ఎవరూ రారుగా, బాబాయ్ గారూ? ఇది సందుల్లో మిగిలితే అరికాళ్లు కాలతాయి."

ఇక గొప్పలు కట్టిపెట్టి నిజం చెప్పా.

"ఎనిమిదడుగులేనయ్యా. వేపచెక్క. మా ఆవిడ అక్కడ కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తుంది. ఆవిడకి షుగరు, కాళ్లకి స్పర్శ తక్కువ. కాలినా తెలీదు."

"అయితే బూట్లవాళ్లు వెళ్లిపోయారన్నమాట!" అని నవ్వి, ఆ డబ్బా లోపల పెట్టేసి, నెమ్మదిగా పనిచేసేది చేతికిచ్చాడు. "రెండ్రోజులు ఎక్కువ పడుతుంది. తర్వాత బాగా కడిగించండి."

నాలుగోరోజు మా ఆవిడ వసారాలో కాళ్లు చాపుకుని కూర్చుంది. అరికాళ్లు వంగి చూశా. ఎక్కడా మచ్చ లేదు.

"ఇంత మంచి మందు ఎవరు ఎంచారండీ?" అంది.

"ఇంకెవరు, నేనే!" అన్నా. అసలు సంగతి ఆవిడ దగ్గర ఇప్పటికీ ఒప్పుకోలేదు.